నలభై ఒకటో మందుల షాపు

మూడు వారాలుగా అనంతరామయ్య తప్పించుకు తిరుగుతున్న నంబరును ఆ ఆదివారం నిఖిల తనే నొక్కింది.

ఆయన తప్పించుకున్న తీరు ఇది. ఒకసారి లైను కలవలేదన్నాడు. ఇంకోసారి కలిసింది గానీ ఎవరూ ఎత్తలేదన్నాడు. పోయిన ఆదివారమైతే కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోయాయని చెప్పి, కొత్త కార్డు కోసం సింగపూరు లిటిల్ ఇండియా బజారుకు వెళ్లి, ఆ జనంలో రెండు గంటలు ఊరికే నిలబడి వచ్చాడు. నిఖిల అన్నీ నమ్మింది. వరంగల్ పిల్ల. అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, టాంపినీస్ పేటలో అనంతరామయ్య కూతురి ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. స్వైన్ ఫ్లూ రెండో ఏట పడింది. పల్లెటూళ్లలో మందుల షాపులు నడిపే ఫార్మసిస్టులు, అవసరం పడితే టీకాలు వేయడానికి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో ఫోన్లు చేసి తెలుసుకోవడం ఆమె పని. అరవై షాపుల పట్టిక చేతికిచ్చారు. తన మాట గోదావరి వాళ్లకు, వాళ్ల మాట తనకు సరిగా అందడం లేదని, ఇరవై ఏడేళ్లు మందుల షాపు నడిపిన ఈ పెద్దమనిషిని సాయం అడిగింది.

భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చి నాలుగేళ్లయిన అనంతరామయ్యకు ఆ పని హాయిగానే ఉండేది, నలభయ్యో షాపు దాకా. నలభై ఒకటోది ఆయన షాపే. నిఖిల అది ఎప్పుడో అమ్మేసి వచ్చాడనుకుంటోంది. అమ్మలేదు. గోదావరి పాయల మధ్య మల్లెలంకలో ఆ షాపు నడుస్తూనే ఉంది. గోడ మీద ఆయన సర్టిఫికెట్టు అలాగే వేలాడుతోంది. ఆ సర్టిఫికెట్టు తాలూకు మనిషి కౌంటరు దగ్గర ఉంటేనే షాపు తెరవాలని చట్టం. కౌంటరు దగ్గర ఉంటున్నది యాకూబ్. ఆయన దగ్గర కాంపౌండరుగా చేరి పనంతా నేర్చుకున్నవాడు. చదివింది ఏడో తరగతి.

ఫోను అవతల మోగుతోంది. కింద, బ్లాకు అడుగున, మలయ్ వాళ్ల పెళ్లి. డప్పులు ఏడో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి. నిఖిల లేచి కిటికీ మూసింది. గదిలో వెంటనే ఉక్క మొదలైంది. లోపలి గదిలో కూతురు గీతాంజలి నిద్రపోతోంది. ఆఫీసులో ఏదో కొత్త సిస్టం మొదలుపెడుతున్నారని రెండు రోజులుగా కంటిమీద కునుకు లేకుండా పనిచేసి, పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంది. అల్లుడు గోపీకృష్ణ ఇంకా రాలేదు. ఆ ఏడాది ఆ ఇంట్లో అందరికీ ఉద్యోగాలు బాగానే ఉన్నాయి, నిద్రే లేదు.

“హలో, శ్రీ సూర్యా మెడికల్సేనా అండీ?” నిఖిల స్పీకరు నొక్కి, గొంతు తగ్గించి అడిగింది.

“ఆయ్, చెప్పండి.”

అనంతరామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. నాలుగేళ్లలో ఆ గొంతు కొంచెం బొంగురుపోయింది.

నిఖిల కాగితం చూసి చదివింది. ఎందుకు చేస్తున్నామో, ఎంతసేపు పడుతుందో చదివి, చివరి వాక్యానికి వచ్చింది. “జనం ప్రాణాలకు ముప్పు ఉందనిపిస్తే తప్ప, మీరు చెప్పినది ఎవరికీ చెప్పం.” ఆ వాక్యానికి తెలుగు రాసిపెట్టింది అనంతరామయ్యే.

“అలాగేనండి. అడగండి.”

“ఫార్మసిస్టు గారితోని మాట్లాడాలండీ.”

అవతల ఏదో సీసా బల్ల మీద పెట్టిన చప్పుడు.

“నేనేనండి.”

“మీ పేరు?”

“వాడపల్లి అనంతరామయ్య అండి. బి.ఫార్మసీ. ఆంధ్రా యూనివర్సిటీ, విశాఖపట్నం.”

నిఖిల ఫోను మీద చేయి అడ్డం పెట్టి నవ్వింది. “అంకుల్, మీ పేరే! షాపు కూడా మీ దిక్కే ఉన్నట్టుంది.”

అనంతరామయ్య నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

“ఎన్నేండ్ల నుంచి నడుపుతున్నరండీ?”

“ముప్పై ఒక్క ఏళ్లండి. మీరు సింగపూరు నుంచన్నారు కదా, మా అమ్మాయి అక్కడేనండి. గీతాంజలి. అల్లుడుగారిది కంప్యూటర్ల పని. టాంపినీసని ఏదో అంటారు. మీకు తెలిసుండదు లెండి, పెద్ద ఊరు కదా!”

నిఖిల చేతిలో కలం ఆగింది. ఆమె మూసి ఉన్న గీతాంజలి గది తలుపు వైపు చూసింది. తర్వాత అనంతరామయ్య వైపు చూసింది. ఆయన కళ్లెత్తలేదు. బల్ల మీద గుడ్డ అంచున ఊడొచ్చిన దారం ఒకటి కనిపిస్తే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ క్షణంలో ఆమె ఫోను పెట్టేయవచ్చు. ‘ఎవర్రా నువ్వు’ అని అవతలివాణ్ణి నిలదీయవచ్చు. అవేవీ చేయలేదు. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని తర్వాతి ప్రశ్నలోకి వెళ్లింది. ఆ పిల్ల తనకు ఆ కాస్త గడువు ఇచ్చిందని అనంతరామయ్యకు అర్థమైంది.

“షాపుల మీరొక్కరేనా అండీ?”

“ఒక్కణ్ణేనండి. మా ఆవిడ హైమావతి పోయి ఆరేళ్లయింది. ఆవిడ ఫొటో ఇక్కడే ఉందండి. ప్రతి శుక్రవారం రెండు కనకాంబరాలు పెట్టి గానీ షాపు తియ్యనండి.”

అనంతరామయ్య తల ఎత్తాడు. ఆ ఫొటో ఆయన వచ్చేటప్పుడు షాపులోనే ఉండిపోయింది. అద్దం పగిలి ఉంటే పెట్టెలో పెట్టడానికి భయమేసి వదిలేశాడు. దానికి పూలు పెడుతున్నారని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల అడిగితే, ప్రశ్నలో లేని పూల సంగతి యాకూబ్ కల్పించి చెప్పే అవసరం లేదు. పేరొక్కటే అబద్ధం. పూలు నిజమే.

అక్కడి నుంచి ఇరవై నిమిషాల పాటు యాకూబ్ చెప్పిన జవాబులు, అంతకుముందు నలభై షాపులూ కలిపి చెప్పిన వాటికంటే బాగున్నాయి. ఇంజెక్షను వేశాక మనిషిని ఎంతసేపు కూర్చోబెట్టాలో చెప్పాడు. కళ్లు తిరిగి పడిపోతే ఎలా పడుకోబెట్టాలో, ఏ మందు చేతికి అందేలా పెట్టుకోవాలో చెప్పాడు. సూది రెండోసారి వాడబోమన్నాడు. వాడిన వాటిని ఏ డబ్బాలో వేస్తాడో, ఆ డబ్బా ఎక్కడ కాలుస్తాడో కూడా చెప్పాడు. నిఖిల అలసిపోయిన కళ్లతోనే గబగబా రాసుకుంటోంది. అనంతరామయ్యకు లోపల ఎక్కడో సన్నగా గర్వం కదిలింది. వెంటనే సిగ్గేసింది.

“ఇంజెక్షను వేయనీకి మీకు ధైర్యమేనా అండీ?”

“ధైర్యమేంటండి, వేసేశాం కదా!”

“ఏం వేసిన్రు?”

“స్వైన్ ఫ్లూ టీకాయేనండి. రేవు అవతల డాక్టరుగారు సీసాలు పంపారు. గోదారికి ఎర్రనీరు వచ్చేసింది, వరదలో రేవు దాటించే పంటు ఎక్కాలంటే ఆయనకు భయమండి. నిన్నటికి యాభై ఎనిమిది మందికి వేశాను.”

నిఖిల వేలు కాగితం మీద కిందికి జారింది. “మరి కరెంటు పోతే టీకాలు ఎట్ల దాస్తరండీ?”

“మాకు కరెంటు ఉండేదే తక్కువండి. ఫ్రిజ్ నమ్ముకుంటే పనవదు. రొయ్యల వాళ్ల దగ్గర ఐసు తెచ్చి, థర్మాకోల్ పెట్టెలో పోసి, సీసాలు అందులో పాతేస్తామండి. పైన రెండు గుప్పిళ్లు ఉప్పు చల్లుతాం. తెల్లారేసరికి రాయిలా గడ్డకట్టి ఉంటాయి. గడ్డకట్టిందా లేదా అని చూసుకుని మరీ, అరచేతుల్లో కరిగించి వేస్తున్నామండి. ఆ జాగ్రత్త ఎక్కడా ఉండదు!”

డప్పుల చప్పుడు ఒక్కసారి దూరం జరిగినట్టయింది.

ఉప్పు. ఆ ఉప్పు అనంతరామయ్యదే. పోలియో చుక్కల ఆదివారాల్లో, పెట్టె ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని, ఐసులో ఉప్పు కలపడం యాకూబ్‌కు తనే చూపించాడు. చుక్కల మందు గడ్డకట్టినా చెడదు. ఈ టీకా అలా కాదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే దాని పని అయిపోయినట్టే. కరిగాక చూడటానికి మందులాగే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. ఆ రెండో ముక్క యాకూబ్‌కు చెప్పాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆయన నోరు విప్పితే యాకూబ్ గొంతు గుర్తుపడతాడు. ఇన్నాళ్ల నాటకం నిఖిల ముందు ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె రాసుకున్నది పైకి వెళితే షాపు లైసెన్సు పోతుంది. లంకలో ఇంకో మందుల షాపు లేదు. జ్వరాల కాలం. యాకూబ్‌కు వేరే బతుకు లేదు. ఇవన్నీ ఆయన మూడు వారాలుగా అనుకుంటూ వచ్చినవే. ఇప్పుడు మళ్లీ ఒక్కసారి అనుకున్నాడు.

“ఒక్క సంగతి చెబుతానండి, రాసుకోండి,” యాకూబ్ ఉత్సాహంగా అంటున్నాడు. “రాజకుమారి అని మా లంక కోడలు ఒకావిడ ఉందండి. ఎనిమిదో నెల. మొగుడు రేవవతల మిల్లులో పని. అతనికి ఈ జ్వరమే తగిలింది. వాళ్లత్త చెన్నమ్మ వెళ్లనివ్వనంటే నేనే చెప్పాను. ‘టీకా వేశాం కదమ్మా, నీకేం కాదు, వెళ్లి నీ మొగుణ్ణి చూసుకో’ అని. నిన్న పొద్దుట పంటు ఎక్కించి పంపాను.”

“యాకూబూ,” అన్నాడు అనంతరామయ్య.

అవతల మాట ఆగిపోయింది. షాపు ముందు నుంచి సైకిలు బెల్లు ఒకటి వినిపించి పోయింది.

“గురువుగారా?”

“నేనేరా.”

“మీరు… మీరు ఆవిడ పక్కనే ఉన్నారా? ఇందాకటి నుంచీ?”

“ఉన్నాను.”

“అయ్యో!” యాకూబ్ గొంతు చిన్నదైపోయింది. “ఆఫీసు వాళ్లు ఎవరైనా ఫోను చేస్తే అలా చెప్పడం అలవాటైపోయిందండి. ఊళ్లో ఎవరి దగ్గరా అననండి. మీ అమ్మాయి సంగతి కూడా… ఏదో నోటికొచ్చేసింది. తప్పయిపోయింది.”

“అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు చెప్పేది విను. ఆ టీకాలు పనికిరావు. ఇది గడ్డకట్టకూడని మందు. పెట్టె మీద రాసి ఉంటుందే, చూడలేదా?”

“పెట్టెలు డాక్టరుగారి దగ్గరే ఉండిపోయాయండి. సీసాలు మాత్రం గుడ్డలో చుట్టి పంపారు. ఐసులో పెట్టమన్నారు, అంతే. ఉప్పు సంగతి నాకు తెలిసిందే కదా అని…”

“ఉప్పు నేను చెప్పిందే. కాదనడం లేదు.”

“పనికిరావంటే, యాభై ఎనిమిది మందికీనా?”

“అందరికీనూ. నీళ్లు ఎక్కించినట్టే. కీడు ఉండదులే గానీ, కాపాడదు.”

స్టూలు కిర్రుమన్న చప్పుడు. యాకూబ్ కూర్చున్నాడు. “గురువుగారూ, ఇంకో తప్పు చేశానండి. నా మాట మీద ఎవరు చేయి చాపుతారు? సింగపూరు ఫోను చేసి అడిగాను, పెద్దాయన వేయమన్నారని అందరికీ చెప్పాను.”

“నన్ను అడగనే లేదు కదరా!”

“అడిగితే వద్దంటారు కదండి.”

అనంతరామయ్య వద్దనేవాడే. ఇరవై ఏడేళ్లలో తను వేసిన ఇంజెక్షన్లు పదో పన్నెండో. సూది పట్టడం ఎప్పుడూ చేతకాలేదు. డిగ్రీ ఉన్నవాడు కౌంటరు వెనక నిలబడి పెద్దరికం చూపితే, తెర వెనక చేయి పట్టుకుని వేసింది ఎప్పుడూ యాకూబే.

“రాజకుమారి నంబరు ఉందా నీ దగ్గర?”

“చెన్నమ్మ దగ్గర ఉంటుందండి. వెళ్లి రాసుకొస్తాను. పది నిమిషాలు.”

“వచ్చి నంబరు చెప్పు. చెప్పాక నువ్వు చేయాల్సింది ఒకటే. ఇంటింటికీ వెళ్లు. టీకా వేయించుకున్న ఒక్కొక్కరికీ, పని చేయదని నీ నోటితో చెప్పు. ఎవర్నీ వదలకు.”

“కొడతారేమోనండి.”

“కొడితే నా పేరు చెప్పు.”

ఫోను పెట్టిన చప్పుడు. గదిలో ఉక్క ఇంకా పెరిగింది.

నిఖిల కలానికి మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

“అమ్మిన అన్నరు కదా అంకుల్ షాపు.”

“నేనలా అనలేదమ్మా. నువ్వనుకుంటే కాదనలేదు.”

“రెండిట్ల ఫరకేంది?”

తేడా ఆయనకూ కనిపించలేదు. ఊడొచ్చిన ఆ దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

“మూడు వారాలు. లైను కలవలే, నిమిషాలు అయిపోయినయ్. నేనేమో పాపం పెద్దమనిషి, నా కోసమని లిటిల్ ఇండియా దాక పోయి తిరుగుతున్నడనుకున్న!” గొంతు పెరగబోయి, లోపల నిద్రపోతున్న గీతాంజలి గుర్తొచ్చి, మళ్లీ తగ్గింది. అలా గుసగుసగా కోప్పడటం ఇద్దరికీ మరీ కష్టంగా ఉంది. “శుక్రవారం నా కమిటీ ముంగట కూసోవాలె అంకుల్. నలభై మంది ఫార్మసిస్టులు ఇట్ల చెప్పిన్రు, అట్ల చెప్పిన్రు అని. గిప్పుడు నాకు ఒకటే అనుమానం. ఆ నలభై మందిల గోడ మీది పేర్లు ఎన్ని, మనుషులు ఎందరు?”

అనంతరామయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక్కడ ఆగిపోవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఆ పిల్ల కళ్ల కింద నల్లటి వలయాలు చూస్తూ ఆగిపోవడం ఆయన వల్ల కాలేదు.

“ఇరవై రెండు మంది కాదమ్మా,” అన్నాడు.

“ఏంది?”

“ఇరవై రెండు మంది ఫార్మసిస్టులు కాదు. నాకు వింటుండగానే తెలిసిపోయేది. చదువుకున్నవాడు నీ ప్రశ్నకు తటపటాయిస్తాడు. రూలు ఒప్పుకుంటుందా, పైవాళ్లను అడగాలా అంటాడు. కౌంటరు దగ్గర నిలబడేవాడు ఠక్కున చెప్పేస్తాడు. సూది ఎక్కడ గుచ్చాలో, ఏడ్చే పిల్లాణ్ణి ఎలా పట్టుకోవాలో. అలా చెప్పినవాళ్ల పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను, నా కాగితంలో.”

“చుక్కలు పెట్టిన్రా? నాకు చెప్పకుంట?”

“వాళ్ల సంగతి చెబితే నాది కూడా చెప్పాల్సి వస్తుంది కదా!”

నిఖిల కాగితాలన్నీ ఒకచోటికి తోసి, వాటి మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. ఏడవడం లేదు, అలసిపోయింది, అంతే. అనంతరామయ్య లేచి, తన వైపున్న టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు కొంచెం కదిలాయి.

“నేనిది పైకి పంపాల్సిందే అంకుల్,” తల ఎత్తకుండానే అంది. “ప్రాణాలకు ముప్పు ఉంటే తప్ప అని మనమే చదివినం ఆయనకు. మీరే రాసిన్రు ఆ మాట.”

“పంపమ్మా. యాకూబ్ పేరు మాత్రం వద్దు. షాపు నాది, లైసెన్సు నాది, ఉప్పు కూడా నాదే. నా పేరు రాయి.”

“గట్ల రాస్తే ఆయన నిజంగనే మీరైపోతడు కదా!” అంది నిఖిల. అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయనకు కొంచెం ఊపిరి ఆడింది.

గీతాంజలి గది తలుపు తెరుచుకుంది. జుట్టు ముడేసుకుంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసింది. గోడలు పలచనివి. ఎంత విన్నదో ఆమె చెప్పలేదు.

“ఆ సర్టిఫికెట్ దింపించెయ్యి నాన్నా అని మొదటి ఏడాదే అన్నాను,” అంది. అంతే అంది. వంటింట్లోకి వెళ్లి, రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టింది. తండ్రి గ్లాసులో ఉప్పు వేయలేదు. ఆయనకు బీపీ. తను నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. “ఇప్పుడు ఆ అమ్మాయి సంగతేంటి?”

అప్పుడే ఫోను మోగింది. యాకూబ్ ఆయాసపడుతూ పది అంకెలు చదివాడు. చెన్నమ్మ వెనక నుంచి ఏదో అరుస్తోంది. “నేను ఇళ్లకు బయల్దేరుతున్నానండి గురువుగారూ,” అని పెట్టేశాడు.

నిఖిల ఆ నంబరు నొక్కింది. మూడోసారికి కలిసింది.

“ఎవరండీ?” ఆడగొంతు. చాలా చిన్న వయసు. పక్కనే ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.

“అమ్మా రాజకుమారీ, నా పేరు అనంతరామయ్య. మల్లెలంక మందుల షాపు…”

“సింగపూరు బాబుగారా!” ఆ పిల్ల గొంతులో ఒక్కసారిగా వచ్చిన ధైర్యం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. “మీరే ఫోను చేశారా బాబుగారూ! ఈయనకు ఒళ్లు కాలిపోతోందండి. రాత్రి నుంచి ఎవరో పిలిచినట్టు మాట్లాడుతున్నారు. నేను ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేస్తున్నాను.”

“ఒళ్లో వద్దమ్మా. దూరంగా జరుగు. నీకు వేసిన టీకా పనిచేయదు.”

దగ్గు ఒక్కటే వినిపిస్తోంది.

“మీరే కదండీ వేయమన్నది? యాకూబుగారు చెప్పారు. మా అత్త ఒద్దంటుంటే, సింగపూరు బాబుగారు వేయమన్నారని చెబితేనే కదండీ నేను చేయి చాపాను. నిజం చెప్పండి బాబుగారూ, మీరు చెప్పారా, లేదా?”

నిఖిల ఆయన మొహంలోకి చూస్తోంది. చెప్పలేదంటే, ఈ గంటలోనే లంకలో ఇంటింటి ముందూ నిలబడుతున్న యాకూబ్‌ను నమ్మేవాడు ఒక్కడు కూడా మిగలడు.

“చెప్పానమ్మా,” అన్నాడు అనంతరామయ్య. “వేయమన్నది నేనే. మందు దాచడంలో పొరపాటు కూడా నాదే. యాకూబ్ నేను నేర్పినట్టే చేశాడు.”

నిఖిల పెదవి కొరుక్కుంది గానీ అడ్డు రాలేదు.

“ఇప్పుడు నేను చెప్పినట్టు చేస్తావా తల్లీ? మిల్లులో ఎవరినైనా పిలిచి అతన్ని పెద్దాసుపత్రికి పంపించు. ఈ జ్వరానికి మందు అక్కడే ఉంటుంది. నువ్వు ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరే బండిలో వెళ్లి, నీకూ చూపించుకో. లంకకు వెళ్లకు. విన్నావా?”

“మిల్లులో ఎవరూ దగ్గరికి రావడం లేదండి.” ఆ పిల్ల ఏడవడం లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడుతోంది. “గదిలో నీళ్లు కూడా లేవు. నాకు వేసింది పనిచేయదంటున్నారు, నేనిక్కడుంటే పడిపోతాను. పడిపోతే ఇద్దర్నీ చూసేవాళ్లు లేరు. లంకలో మా అత్త ఉంది, యాకూబుగారు ఉన్నారు. ఈయన్ని తీసుకుని వచ్చేస్తానండి. పంటు పదకొండింటికి. మిల్లు వెనకే రేవు, నడిపించుకు వెళ్లిపోతాను.”

“వద్దు! అమ్మా, అతన్ని లంకలోకి తీసుకురావద్దు. అక్కడ యాభై ఎనిమిది మంది…”

లైను తెగిపోయింది.

నిఖిల మళ్లీ నొక్కింది. మళ్లీ. స్విచాఫ్ చేశారని ఎవరో మెత్తని గొంతుతో చెబుతూనే ఉన్నారు. గీతాంజలి గోడ గడియారం చూసి వేళ్ల మీద రెండున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టింది.

“అక్కడ పదకొండుకు ఇంకా పన్నెండు నిమిషాలుంది నాన్నా.”

“యాకూబ్‌కు చెయ్యమ్మా. ఒడ్డున నిలబడి పంటు ఆపమని చెబుదాం. వాళ్లిద్దర్నీ దిగనివ్వకుండా అటే వెనక్కి…” అంటూ ఆయన ఆగిపోయాడు. ఎనిమిదో నెల మనిషిని, గోదారి మధ్యలో నుంచి వెనక్కి పంపమని తనే అంటున్నాడు.

నిఖిల అప్పటికే నొక్కేసింది. మల్లెలంకలో శ్రీ సూర్యా మెడికల్స్ ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగింది. యాకూబ్ సెల్లుకు చేసింది, కలవలేదు. ఆ లంకలో రేవు దగ్గర తప్ప సిగ్నలు ఉండదు. మళ్లీ షాపుకు చేసింది.

ఎవరూ ఎత్తడం లేదు. యాకూబ్ ఇళ్ల వెంట తిరుగుతున్నాడు. ఎవర్నీ వదలకుండా చెప్పి రమ్మని పంపింది అనంతరామయ్యే కదా!